కొత్త వెర్షన్ వచ్చింది, మార్చాలా?

అడవులదీవిలోనో రేపల్లెలోనో ఇంటి గదిలోనే భజనలు, నాటక పద్యాలు రికార్డు చేస్తున్నారా? రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందని కంప్యూటర్ చెప్పగానే బటన్ నొక్కేయకండి.

1991లో వచ్చిన ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదట నాలుగే ట్రాకులు. ఇప్పటి మామూలు సాఫ్ట్‌వేర్ పదుల ట్రాకులు మోస్తుంది. గొంతు, హార్మోనియం, తబలా, తాళాలు, వంత పాట: మనకు అయిదు చాలు, ట్రాకుల కోసం మార్చనక్కర్లేదు.

అసలు చిక్కు పాత ప్లగిన్లది, అంటే సాఫ్ట్‌వేర్‌కు తగిలించి ధ్వనిని మార్చే చిన్న ప్రోగ్రాములది. 2019లో ఆపిల్ తెచ్చిన మ్యాక్ ఓఎస్ కటలీనాలో 32 బిట్ ప్రోగ్రాములు పనిచేయడం మానేశాయి. అలాంటి మార్పు వస్తే పాత పాట తెరుచుకున్నా పాత ధ్వని రాదు.

అందుకే పని మధ్యలో మార్చకండి. ముందు ప్రతి ట్రాకునూ మొదటి నుంచి చివరిదాకా వేవ్ ఫైలుగా వేరే హార్డ్ డిస్కులో దాచండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. అయిదు ట్రాకుల అయిదు నిమిషాల పాటకు 216 మెగాబైట్లు, అంతే.

పాతది తీసేయకుండా, వీలైతే కొత్తదాన్ని మరో కంప్యూటర్లో ఉచిత గడువులో వాడి చూడండి. మీ మైకు, దాన్ని కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ కొత్త వెర్షన్‌తో పలికితేనే కొనండి. లేదంటే ఆ డబ్బుతో మంచి మైకు కొని, ఫ్యాను ఆపి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. తేడా మీ చెవికే తెలుస్తుంది.