పంక్తియు, కాడియు

ఆఱు నెలలు సహవాసము చేసిన వారు వీరగుదురని పెద్దల మాట. ఈ సామెత అన్ని మతములవారికిని చెల్లును. అయితే, తన విశ్వాసమును మనసార నమ్మి, దాని ననుసరించి బ్రదుకవలెనని సంకల్పించుకొన్న క్రైస్తవునకు ఇది యొక చిక్కుప్రశ్నను తెచ్చి పెట్టును. నేనెవరితో చెలిమి చేయవలెను? నా విశ్వాసము గలవారితోనేనా? తక్కినవారితో చేసినచో నా విశ్వాస మేమగును?

మెదకు జిల్లాలోని శివ్వంపేటవంటి చోట ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. ఇక్కడ హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు ఒకే బజారులో సరకులు కొందురు. వారి పిల్లలు ఒకే బడిలో చదువుకొందురు. యువకులలో కొందఱు మనోహరాబాదు, కాళ్ళకల్ ప్రాంతపు కర్మాగారములకును, కొందఱు హైదరాబాదునకును పనికి పోవుదురు. అచట ప్రక్కన నిలిచి పని చేయువానిని మనము ఏరుకొనము. జీతము వచ్చిన సాయంకాలము దోస్తులు దావతుకు పిలుతురు. పోనిచో స్నేహము చెడునేమో యని భయము. పోయినచో నియమము చెడునేమో యని భయము. ఇంటికడ తల్లి, "మనోళ్లతోనే తిరుగు బిడ్డా" యని హెచ్చరించును. ఆ తల్లి భయము నిజమైనదే. కాని ఆమె చెప్పిన ఉపాయము సరియైనదా యనునదే మన విచారము.

కొరింథీయులకు వ్రాసిన లేఖలో పౌలు ఈ విషయమై కాడిని ఉపమానముగా గైకొనెను. అంతకు పూర్వమే మోషే ధర్మశాస్త్రము ఎద్దును గాడిదను జతకట్టి దున్నరాదని శాసించెను. మన రైతునకు దీని భావము వేఱుగా చెప్పనక్కఱలేదు. గాడిద చెడ్డదని కాదు. దాని నడక వేఱు, ఎత్తు వేఱు, బలము వేఱు. రెంటిని ఒక కాడికి కట్టినచో చాలు వంకరపోవును. రెండింటి మెడలును ఒరసికొని పుండు పడును. జత కుదురని కాడి ఎవరికిని మేలు చేయదు.

కాని ఆ గ్రంథమునందే మఱియొక దృశ్యము గలదు. యేసు సుంకరుల యింట భోజనమునకు కూర్చుండెను. ఊరెల్ల ఏవగించుకొనిన జక్కయ్య యింట బస చేసెను. ఆయన పాపుల స్నేహితుడని గిట్టనివారు నిందించిరి. ఆయన ఆ నిందకు జంకి పంక్తి మార్చుకొనలేదు. అట్లని అందఱికి కాడి నిచ్చెనా? లేదు. పన్నిద్దఱు శిష్యుల నేర్పఱచుకొనుటకు ముందు కొండపై రాత్రియంతయు ప్రార్థనలో గడపెను. పంక్తి విషయమున అంత ధారాళము. కాడి విషయమున అంత జాగరూకత. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలననే మన చిక్కులు పుట్టుచున్నవి.

కాడి యనగా నేమి? వివాహము కాడి. కూడి చేయు వ్యాపారము కాడి. చిట్టీకో అప్పునకో జమానతు పడుట కాడి. సొలొమోను సామెతలు దీనిని గూర్చి పదేపదే హెచ్చరించినవి. అన్నిటికంటె బరువైన కాడి ఆలోచన. కష్టకాలమున మనమెవరి సలహాపై నడతుమో వారితో మనము కాడి కట్టుకొన్నట్లే. సొలొమోను కుమారుడగు రెహబాము పెద్దల మాట త్రోసివేసి, తనతో పెరిగిన యువకుల ప్రగల్భములు వినెను. ప్రజలపై భారము తగ్గింపక హెచ్చించెదననెను. పది గోత్రములు ఆయనను విడిచిపోయెను. ఒక్క చెడు సలహావలన రాజ్యము రెండైనది. ఆ సలహాదారులు పరమతస్థులు కారు, పరదేశీయులు కారు, చిన్ననాటి చెలికాండ్రే.

పంక్తిని మూసికొన్నచో విశ్వాసము భద్రముగ నుండునని తలచువారు గుఱ్ఱము జాషువగారి జీవితమును స్మరింపవలెను. 1895 లో వినుకొండలో జన్మించిన ఆ మహాకవికి బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు. ఇరువురును జంటకవిత్వము చెప్పవలెనని యువ్విళ్ళూరిరి. జాషువగారు జూపూడి హనుమచ్ఛాస్త్రిగారియొద్ద కాళిదాసు కావ్యములను చదువుకొనిరి. క్రైస్తవుడు పురాణములు చదువుటయేమని సొంత సంఘములోని పెద్దలు నిరసించిరి. మఱియొక ప్రక్క, పుట్టుకను బట్టి ఆయనను వాకిటనే నిలిపినవారును కలరు. రెండు వైపుల తలుపులు మూయబడినను ఆయన చెలిమి తలుపు మూయలేదు. చివరకు జరిగినదేమి? ఆ చెలిమివలన ఆయన క్రీస్తును మఱచెనా? ఆ పండితులనుండి నేర్చిన పద్యవిద్యతోనే "క్రీస్తు చరిత్ర"ను రచించెను. దానికి 1964 లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఏ చదువు ఆయనను చెఱచునని కొందఱు భయపడిరో, ఆ చదువే తెలుగు క్రైస్తవులకు ఒక కావ్యమును ప్రసాదించినది.

చెలిమి లేని సేవ ఎంత వెలితియో మన ప్రాంతపు చరిత్రయే చెప్పుచున్నది. 1910 లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్యగారు ప్రసంగించిరి. విదేశ మిషనరీల త్యాగమును ఆయన నిండుగా మెచ్చుకొనెను. తమవారికి వారు సర్వస్వము నర్పించిరనెను. తుదకు తాము కోరునది స్నేహితులను మాత్రమేయని విన్నవించెను. 1912 లో దోర్నకలునకు బిషప్పై, 1945 లో కన్నుమూయువఱకు ఆయన తెలుగువారి నడుమ పని చేసెను. ధర్మము చేయుచేయి పైనుండును. పుచ్చుకొను చేయి క్రిందనుండును. స్నేహమునందు మాత్రమే రెండు చేతులును సమానముగ నుండును. ఆయన అడిగినది ఈ సమానతనే.

ఇక మనవాడైనంత మాత్రమున మంచి తోడగునా? ఆదివారము ప్రక్క బల్లపై కూర్చుండి, సోమవారము ఇతరుల గుట్టు మోయువాడు కలడు. తప్పును చూచియు నవ్వి యూరకుండువాడు కలడు. యోబు మిత్రులు ఆయనతో ఒకే దేవుని నమ్మినవారే. ఏడు దినములు మాటాడక నేలపై ఆయనతో కూర్చుండినంతవఱకు వారు మంచి మిత్రులు. నోరు తెఱచి, నీ పాపమువలననే నీకీ బాధయని వాదింప మొదలిడినప్పుడు వారి చెలిమి చెడినది. కావున మిత్రుని పరీక్షింపవలసినది ఆయన పోవు మందిరమును బట్టి మాత్రమే కాదు. ఆయన నా తప్పును నా యెదుట చెప్పునా, వెనుక చెప్పునా? ఆయనతో గడిపి ఇంటికి వచ్చిన నాడు, నా తల్లికి, నా భార్యకు దాచవలసినదేమైన నాకు మిగులుచున్నదా? ఈ రెండు ప్రశ్నలు చాలును.

జీతపునాటి దావతుకు పిలిచిన యువకుని మాటకు వత్తము. పొమ్ము, అన్నము తినుము, నవ్వుము. గ్లాసు వచ్చినప్పుడు వద్దనుము. మఱునాడును నిన్ను పలుకరించువాడు నీ మిత్రుడు. వద్దన్నందుకు మొగము త్రిప్పుకొనువానికి కావలసినది నీవు కాదు, త్రాగుటకు తోడు మాత్రమే. హిందూ మిత్రుడు ప్రసాదము తెచ్చినచో ఏమి చేయవలెను? ఈ విషయమున క్రైస్తవులందఱి మనస్సాక్షి ఒక్క తీరున లేదు. పౌలు కాలమునను లేదు. పుచ్చుకొనలేనివాడు చేతులు జోడించి, తన నియమమును మెల్లగా చెప్పవచ్చును. ఈసడించి త్రోసివేయుట మాత్రము ఏ విశ్వాసమునకును అలంకారము కాదు. అట్లే మతము మార్పింపవలెనను లెక్కతో ఆరంభించిన చెలిమి చెలిమియే కాదు, అది ఎర. ఎదుటివాడు దానిని త్వరలోనే కనిపెట్టును.

తలిదండ్రులకు ఒక్క మనవి. మీ బిడ్డ క్రొత్త మిత్రుని పేరు చెప్పినప్పుడు, వాడెవరి మతమువాడని తొలుత అడుగకుడు. ఒకనాడు వానిని మీయింటికి భోజనమునకు పిలువుడు. మీ పీటపై కూర్చుండి వాడు అన్నము తినునప్పుడు, మీ బిడ్డతో మాటాడునప్పుడు, వాని నడక మీకు తెలియును. కాడి మాట తరువాత ఆలోచింపవచ్చును. ముందు పంక్తి వేయుడు.