ఇంటిలోని మొక్కకు దీపకాంతి



ఇంద్రావతి, శబరి నదులు పారు బస్తరు సీమలో జూను మొదలు సెప్టెంబరు వరకు మేఘములు తరచు సూర్యుని కప్పుచుండును. ఆ దినములలో ఉద్యోగుల గృహములందు ఒక చిన్న బెంగ కలుగును. వసారాలోని తులసి పాలిపోవును. కుండీలోని కొత్తిమీర సన్నని కాడలతో సాగి నేలకు వాలును. ఇది నీరు చాలక కాదు, ఎరువు చాలక కాదు, వెలుతురు చాలక. దీపము పెట్టుట దీనికి ఉపాయమే. కాని దానిని ఎచట పెట్టవలెనన్నదే అసలు ప్రశ్న.

నిండు ఎండలో ఆరుబయట ఇంచుమించు 1,00,000 లక్సుల వెలుతురుండగా, గదిలో కొన్ని వందల లక్సులే ఉండుట సామాన్యము. మనుష్యుని కన్ను ఈ భేదమునకు సర్దుకొనును, మొక్క సర్దుకొనజాలదు. ఆకు తన ఆహారమును వెలుతురుతోనే వండుకొనవలెను గదా!

చిన్న బల్బు నుండి ఒక అడుగు దూరమున పడు వెలుతురులో, రెండడుగుల దూరమున నాలుగవ వంతు, మూడడుగుల దూరమున తొమ్మిదవ వంతు మాత్రమే పడును. కావున పైకప్పునందలి పెద్ద దీపముకంటె కుండీకి దగ్గరగా వ్రేలాడు చిన్న దీపము మేలు. అయితే ఆ దగ్గరకును హద్దున్నది. పాతకాలపు తంతి బల్బు విద్యుత్తులో అధికభాగమును వేడిగా మార్చి ఆకును మాడ్చును. ఎల్.ఇ.డి. దీపమునకు ఆ దోషము తక్కువ. దానిని ఆకులకు ఒక అడుగు ఎత్తున కట్టి, ఆకుపై అరచేయి నుంచి చూడవలెను. వేడి తోచినచో పైకి జరుపవలెను. మొక్క ఎదిగినకొలది దీపమును ఎత్తుటకు త్రాడుగాని గొలుసుగాని ఉండుట మంచిది. నీరు పోయునపుడు స్విచ్చి తప్పక ఆపవలెను.

ట్యూబులైటు కాంతి అన్ని వైపులకు పోవును. పైకి పోయినది మొక్కకు దక్కదు. దానిపై తెల్లరంగు వేసిన రేకును గొడుగువలె అమర్చి, కుండీకి ఇరుప్రక్కల తెల్లని అట్టలు నిలిపినచో ఆ కాంతి తిరిగి ఆకులపై పడును. మెరుపులేని తెల్లపూత కాంతిని సమముగా వెదజల్లును. అద్దమువలె ఒకేచోట గుమికూర్చదు. దీపముపైని, రేకుపైని దుమ్ము తుడుచుచుండవలెను.

20 వాట్ల దీపము రోజునకు 14 గంటల చొప్పున 30 దినములు వెలిగినచో 8.4 యూనిట్లు ఖర్చగును. రాత్రియంతయు వెలిగించ బనిలేదు; మొక్కకు చీకటియు కావలెను.

ఈ సూత్రమునకే మరియొక ముఖమున్నది. జగదల్‌పూరు సమీపమున కాంగేర్ లోయలో కుటుంసర్ గుహ కలదు. దాని లోపలకు సూర్యరశ్మి చొరదు. తరతరములు చీకటిలో బ్రదికి, కన్నులు క్షీణించి, మేనిరంగు కోల్పోయిన చేపలందున్నవి. ఇట్టి చోట్ల దీపములు నిలిపి వెలిగించినచో రాతిపై పాచి మొలచును. ఫ్రాన్సు దేశమున 1940లో బయల్పడిన లాస్కో గుహలో ప్రాచీన చిత్రములున్న గోడలకు, సందర్శకుల రాకవలనను దీపములవలనను, పచ్చని పాచి పట్టినది. 1963లో ఆ గుహను ప్రజలకు మూసివేయవలసి వచ్చినది. కావున గుహలో దీపవిధి ఇంటికి విపరీతము: రాతికి దూరముగ, మందముగ, కొద్దిసేపు మాత్రమే.

వానకాలమున తులసికి దీపము దగ్గరచేయు గృహిణియు, గుహనుండి వెలువడుచు దీపము నార్పు మార్గదర్శియు ఒకే ధర్మమును పాటించుచున్నారు. వెలుతురు ఎవరికి ఎంత అవసరమో అంతయే ఇచ్చుట ఆ ధర్మము.