వేపచెట్లు ఉండనిద్దాం

 

స్వర్ణోత్సవ నిధితో కట్టబోయే తరగతి గదుల బొమ్మ మీరంతా చూశారు. ముందుభాగమంతా అద్దాలే. బొమ్మలో బాగానే ఉంది గానీ, ఆ ముఖం పడమరకు ఉంది. ఒంటిపూట బడులు మొదలుకాకముందు, మార్చి మొదటి వారంలో, మధ్యాహ్నం మూడింటి ఎండ అద్దంలోంచి నేరుగా పిల్లల మీద పడుతుంది. ఏసీ పెడదామంటారా? కరెంటు బిల్లు ఏటేటా ఎవరు కడతారు?

భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవు పెట్టి, కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఇస్తే సగం బాధ అక్కడే తీరుతుంది. దక్షిణపు ఎండను సన్‌షేడ్ ఆపుతుంది. పడమటి ఎండ వాలుగా వస్తుంది, దాన్ని ఆపడానికి చెట్టును మించింది లేదు. మన బడికి పడమర వేపచెట్లున్నాయి. ప్లానులో మాత్రం లేవు!

గోడలకు లారీ బేకర్ కేరళలో వాడిన ర్యాట్ ట్రాప్ బాండ్ చాలు. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులుతారు. పాతిక శాతం దాకా ఇటుక మిగులుతుంది, ఆ ఖాళీ వేడినీ తగ్గిస్తుంది. మన మేస్త్రీలకు కొత్త పని, దగ్గరుండి నేర్పాలి. శ్లాబు మీద తెల్లపూత వేయాలి. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ అదే.

2004లో హైదరాబాదులో ప్రారంభమైన సీఐఐ గోద్రెజ్ భవనం, అమెరికా బయట లీడ్ ప్లాటినం పొందిన మొదటిది. వెళ్లి చూడండి. నడిమి ముంగిళ్లు, జాలీ గోడలు. మన మండువా లోగిళ్లు ఎరిగినవాళ్లకు అదేమీ వింత కాదు.

కొత్త డ్రాయింగులు నేను ఉచితంగా గీసిస్తాను. వేపచెట్లు కొట్టే ప్లాను మీద మాత్రం సంతకం పెట్టను.