మట్టిలో ఉండే జబ్బు, అడిగి వేయించుకునే సూది



ఒక మాట అడుగుతాను, మనసులోనే జవాబు చెప్పుకోండి. మీకు ధనుర్వాతం సూది ఆఖరిసారి ఎప్పుడు వేశారు?

చాలామందికి గుర్తుండదు. పోడులో ఒట్టి కాళ్లతో తిరుగుతాం. కొడవలి తెగినా, ముల్లు దిగినా మట్టి రాసుకుని మళ్లీ పనిలో పడతాం. ధనుర్వాతం క్రిమి ఉండేది ఆ మట్టిలోనే, పశువుల పేడలోనే. అది గాయంలోకి పోతే దవడలు బిగుసుకుంటాయి, ఒళ్లు విల్లులా వంగిపోతుంది. ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రావచ్చు.

రెండోది కంఠసర్పి. గొంతులో బూడిద రంగు పొర కట్టి ఊపిరాడనివ్వదు. దగ్గు తుంపర్లతో అంటుకుంటుంది. హాస్టల్లో పక్కపక్కనే పడుకునే మన పిల్లల సంగతి ఆలోచించండి.

రెండింటికీ కలిపి ఒకటే సూది, టీడీ. ఇదివరకటి టీటీలో కంఠసర్పికి కాపు లేదు. అందుకే 2019 నుంచి మన దేశంలో దాని బదులు టీడీ ఇస్తున్నారు.

పసిబిడ్డకు 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ సూది. ఏడాదిన్నర వయసులో ఒకసారి, 5–6 ఏళ్లకు ఒకసారి డీపీటీ. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ. గర్భిణికి కూడా టీడీ. సర్కారు దవాఖానాలో అన్నీ ఉచితమే.

మరి తప్పిపోయేది ఎవరు? 10, 16 ఏళ్ల సూది ఎక్కువగా బడిలోనే వేస్తారు. బడి మానేసి మిరప కోతకు పోయిన తమ్ముడి పేరు ఆ రిజిస్టర్లో ఉండదు. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటేది కాదు. కాబట్టి ఊరంతా వేయించుకున్నా, వేయించుకోని ఆ ఒక్కడికి కాపు ఉండదు.

సూదంటే మనోళ్లకు అనుమానం ఉంది. అది ఊరికే పుట్టలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో మన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా అధ్యయనం పేరుతో సూదులు వేశారు. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు కమిటీ కూడా దీన్ని తప్పుపట్టింది. టీడీ ఆ టీకా కాదు. ఇది కొత్త ప్రయోగమూ కాదు, ఏళ్లుగా వాడుతున్నదే. చెయ్యి ఒకటి రెండు రోజులు నొప్పెడుతుంది, కొందరికి కాస్త జ్వరం వస్తుంది. అంతే.

చెప్పకుండా వేయడం తప్పయితే, అడిగినా వేయకపోవడం కూడా తప్పే. ఇదేం సూది, ఎందుకు, మళ్లీ ఎప్పుడు అని అడగడం మన హక్కు.

ఇంటికెళ్లాక మూడు పనులు చేయండి. మీ గూడెంలో బడి మానేసిన 10–16 ఏళ్ల పిల్లల పేర్లు రాయండి. ఆ కాగితం ఆశా అక్కకు, ఏఎన్ఎంకు ఇచ్చి, సూది ఏ రోజు వేస్తారో అడగండి. గాయమైతే సబ్బుతో కడిగి, అదే రోజు పీహెచ్‌సీకి పోయి టీడీ సంగతి అడగండి. పెద్దోళ్లకు కూడా పదేళ్లకోసారి అవసరమే.

ఈ భూమి మనది. ఆ మట్టి మీద పనిచేసే పిల్లల్ని కాపాడుకునే పని కూడా మనదే. జోహార్!