పాత చేపల తొట్టి - క్రొత్త అతుకు

(తల్లిదండ్రుల సభయందు పాఠశాల విజ్ఞానసంఘము పక్షమున చేసిన ప్రసంగము)



వరండాలో బల్లపైనున్న చేపల తొట్టిని మీరందఱును లోనికి వచ్చుచు చూచియే యుందురు. అది క్రొత్తది కాదు. మన పేటలోని ఒక ఇంటివారు అటకపై నుంచిన దానిని పాఠశాలకు ఉచితముగ నిచ్చిరి. ఇచ్చుచునే, ఒక మూల నీరు కారునని కూడ చెప్పిరి. అప్పటినుండి మీలో కొందఱు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. క్రొత్త తొట్టి కొనరాదా అన్నది మొదటిది. గాజుతోను, నీటితోను, విద్యుత్తుతోను కూడిన పనియందు పిల్లలను చేర్చుట క్షేమమా అన్నది రెండవది. ఈ రెండవ ప్రశ్నయే పెద్దది. "భయము లేదు" అని ఒక్కమాటతో బదులు చెప్పుట సులభమే. కాని భయమునకు కారణము నిజముగనే యున్నది. కావున అపాయ మెచ్చట నున్నదో, దాని కేమి చేసితిమో లెక్కలతో సహా మీ ముందుంచుచున్నాము.

మన ఊరికి చేపల తొట్లు క్రొత్త కావు. 1909లోనే మెరీనా తీరమున ప్రజలు చూచుటకై మత్స్యప్రదర్శనశాల వెలసినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మూతపడినది. సెంట్రల్ స్టేషను ప్రక్కనుండిన మూర్ మార్కెట్టులో పాత పుస్తకములతోపాటు చిలుకలను, రంగుచేపలను అమ్మెడివారు. 1985లో ఆ మార్కెట్టు అగ్నికి ఆహుతి యయ్యెను. నేడు రంగుచేపలనగానే అందఱును కొళత్తూరు పేరు చెప్పుదురు. మాకు వలసిన జిగురు, పైపులు, పంపు అచ్చటనే దొరకినవి. తొట్టి అను మాట మన తెలుగునందును తమిళమునందును ఒక్కటియే యగుటచే, వెంట వచ్చిన పిల్లలకు బేరమాడుట యందు చిక్కేమియు కలుగలేదు.

ఇక లెక్కకు వత్తము. తొట్టి పొడవు 90 సెంటిమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 45. అంచుదాక నింపినచో సుమారు 121 లీటర్లు పట్టును. లీటరు నీరు ఒక కిలో బరువు గదా! గాజు 8 మిల్లీమీటర్ల మందము గలది. దాని బరువు 27 కిలోలు. రెండును కలిసి ఇంచుమించు 150 కిలోలు. ఇది బల్లపై పడు బరువు. పలకలను ప్రక్కలకు త్రోయు బలము వేఱుగ నున్నది. నీటి ఒత్తిడి లోతునుబట్టి పెరుగును. నిండు తొట్టిలో ముందటి పలకను నీరు త్రోయు బలము 90 కిలోల బరువునకు సమానము. అందులో మూడు వంతులు క్రింది సగము మీదనే పడును, పై సగమునకు ఒక్క వంతే మిగులును. పాత తొట్లు సాధారణముగ అడుగు మూలలయందే కారుట కిదియే ముఖ్యకారణము. తొమ్మిదవ తరగతి పాఠములో "ద్రవపీడనము" అని చదివి పరీక్షలో వ్రాసి మఱచునది ఇదియే.

పలకలు అతుకబడుటలో రెండు పొరలున్నవి. పలక అంచునకును రెండవ పలకకును నడుమ నుండు సన్నని పొర ఒకటి. అదియే తొట్టిని నిలుపునది. లోపలి మూలల వెంబడి గీతవలె సాగు పొర రెండవది. అది నీటిని ఆపునది. నడిమి పొరలో గాలిబుడగలు గాని తెల్లని చీలికలు గాని కనబడినచో తొట్టిని విడదీసి మరల కట్టవలెను. మా తొట్టిలో నడిమి పొర స్వచ్ఛముగ నున్నది, లోపలి పొర మాత్రము ఒక మూల లేచినది. అందుచేతనే బాగుచేయుటకు పూనుకొంటిమి. అట్లు కానిచో ఆ తొట్టిని మొక్కల కుండీగ వాడియుందుము గాని నీరు పోసి పిల్లల నడుమ నిలిపియుండము.

ఒక దుకాణములో, వెలుపలి వైపున కొంచెము జిగురు పూసిన చాలునని సలహా యిచ్చిరి. దానిని మేము అంగీకరింపలేదు. వెలుపల పూసిన పూతను లోపలి నీరు త్రోసి ఊడదీయును. లోపల వేసిన పూతను అదే నీరు గాజునకు అదిమి పట్టును. ఇంకొక మాట. ఆఱిన పాత సిలికోనుపై క్రొత్త సిలికోను అంటదు. అంటినట్లు కనబడును గాని కొన్ని నెలలకు పొరవలె లేచిపోవును. కావున లోపలి పొరనంతయు తీసివేయవలెను, కారుచున్న మూలను మాత్రమే కాదు. ఈ పనికి మూడు సాయంకాలములు పట్టినది. బ్లేడు పట్టినది ఉపాధ్యాయులే. పెద్ద తరగతుల బాలురు, బాలికలు చేతితొడుగులు ధరించి తొలగిన ముక్కలను ఏఱిరి. చివరకు కంటికి కనబడని మడ్డిని స్పిరిటుతో తుడిచితిమి. వ్రేలితో తాకిన చోటెల్ల మరల తుడువవలసి వచ్చెను. వ్రేలి జిడ్డు చాలును అతుకు చెడుటకు.

అయితే జిగురు వేయుటకు ముందే పైపులు ఎచ్చట రావలెనో నిర్ణయింపవలసి యుండెను. గాజునకు రంధ్రము వేయునప్పుడు కలుగు అదురు క్రొత్త అతుకునకు మంచిది కాదు. పైగా టెంపరు చేసిన గాజునకు రంధ్రము వేయబోయినచో అది ఒక్కసారిగ పొడిపొడి యగును. దానిని కనుగొను ఉపాయమొకటి పిల్లలకు చూపితిమి. పలక వెనుక తెల్లగ వెలుగుచున్న సెల్ ఫోను తెర నుంచి, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దమును తెర చీకటిగ కనబడునట్లు త్రిప్పి చూడవలెను. టెంపరు గాజైనచో మచ్చలు, చారలు తోచును. మా వెనుక పలకలో అట్టివి కనబడలేదు. పనివానిచేత రంధ్రము వేయించితిమి, అడుగు పలకలో గాక వెనుక పలక పైభాగమున.

ఎందుకనగా, ఈ తొట్టిలో ఒక్క సెంటిమీటరు ఎత్తు నీరనగా 2.7 లీటర్లు. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. మిగిలిన లెక్కలన్నియు దీనిమీదనే నడచును. నీటిమట్టము అంచునకు 4 సెంటిమీటర్లు క్రిందనుండును. రంధ్రము అంచునుండి 12 సెంటిమీటర్లలోపుననే యున్నది. అచ్చటి రబ్బరు వాషరు ఎప్పుడైన చెడినను పోవునది 8 సెంటిమీటర్ల నీరు, అనగా 22 లీటర్లు మాత్రమే. రంధ్రము అడుగుననే యుండినచో 110 లీటర్లును వరండాలోనికి వచ్చెడివి.

జిగురు విషయము. వినిగరువంటి ఘాటు వాసన గల సాదా సిలికోను వాడితిమి. స్నానపు గదులకై అమ్ము రకములలో బూజు పట్టకుండుటకు మందు కలుపుదురు; అది చేపలకు విషము. సిలికోను ఎండకు గాక గాలిలోని తేమచేత గట్టిపడునది. సముద్రపు గాలి తగులు మన పేటకు ఈ విషయమున కొఱత లేదు! కాని అదే తేమవలన పైపొర త్వరగ కట్టుకొనును. కావున అంచుల కంటించిన మాస్కింగ్ టేపును జిగురు నునుపుచేసిన వెంటనే లాగివేసితిమి. తరువాత ఒక వారము ఎవ్వరిని ముట్టనీయలేదు. పిల్లలు ప్రతి ఉదయమును వాసన చూచి నోటుపుస్తకములో వ్రాసికొనిరి.

పరీక్ష పెరటిలో జరిగినది. రసమట్టముతో సరిచూచిన బల్లపై థర్మకోలు పలక పఱచి, చుట్టును పాత వార్తాపత్రికలు వేసి, మొదట మూడవ వంతు, మఱునాడు సగము, మూడవనాడు పూర్తిగ నింపితిమి. రెండవనాడు గాజు వెలుపల తడి కనబడగా కొందఱు పిల్లలు కన్నీళ్ళ పర్యంతమైరి. అది కారినది కాదు. చల్లని నీటివలన గాలిలోని తేమ గాజుపై చెమ్మగిల్లినది. తుడిచి పత్రికను చూచిన పొడిగనే యున్నది. ఆ నీటిని పాఱబోయలేదు. బట్టలుతికి చలువచేయువారి పేర వెలసిన పేటలో నీటి విలువ చెప్పనక్కఱలేదు. 2019 వేసవిలో జలాశయములు ఎండి, లారీనీటికై బిందెలతో నిలిచిన దినములు మీకు జ్ఞాపకమే. నీరంతయు చెట్లకు పోసితిమి.

ఇక పైపులు. బల్లక్రింద 60 సెంటిమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల చిన్న తొట్టి యున్నది. పై తొట్టినుండి పొంగిన నీరు దానిలోనికి దిగి, స్పాంజిలో వడకట్టబడి, పంపుద్వారా పైకి పోవును. గంటకు అయిదుమార్లు నీరు తిరుగవలెనన్నచో 600 లీటర్లు చాలును. కాని పంపు పెట్టెపై వ్రాసియుండు సంఖ్య ఎత్తు లేనప్పటిది. నీటి నెత్తుకొలది అది తగ్గును గావున 1,200 లీటర్ల పంపు తెచ్చితిమి. పైకి పోవు పైపునకు వాల్వు గలదు. క్రిందికి దిగు పైపునకు మాత్రము వాల్వు పెట్టలేదు. ఎవరైన తెలియక త్రిప్పినచో నీరు దిగు దారి మూసికొనిపోవును.

కరెంటు పోయినప్పుడే ఇట్టి యమరికకు పరీక్ష. పంపు ఆగగానే పైకి పోవు పైపు సైఫనుగ మారి నీటిని వెనుకకు లాగును. దాని కొన నీటిమట్టమునకు 3 సెంటిమీటర్ల లోతున నున్నది. కొన గాలికి తేలువఱకు 8.1 లీటర్లు, పైపులలోని నీరు ఒక లీటరు, వెరసి 9 లీటర్లు క్రిందికి వచ్చును. క్రింది తొట్టి 20 సెంటిమీటర్ల వఱకే నిండియుండును. మిగిలిన 10 సెంటిమీటర్లలో 18 లీటర్లు పట్టును. వెనుకకు రానీయని వాల్వులు అంగడిలో దొరకును. వానియందు నాచు చేరినచో పనిచేయవు. కూడిక తీసివేతలు నాచు పట్టవు గదా!

ఎనిమిదవ తరగతి బాలిక యొకతె దీనికి ఎదురు ప్రశ్న వేసినది: "క్రిందికి దిగు పైపులో ఆకు అడ్డుపడిన నేమగును?" పంపు ఆగదు, తన అరలోని నీటినంతయు పైకి పంపును. పై తొట్టిలో మిగిలిన చోటు 4 సెంటిమీటర్లు, అనగా 10.8 లీటర్లు. పంపు అర 20 సెంటిమీటర్ల వెడల్పున్నచో అందులో 12 లీటర్లుండును. లీటరుకు పైగా నేలపాలగును. 15 సెంటిమీటర్లైనచో 9 లీటర్లే. కావున అడ్డపలకను 15 వద్ద అతికించితిమి. ఆ లెక్క ఆమె చేతివ్రాతతోనే గోడపై నున్నది, చూచిపొండు.

విద్యుత్తునకై ఎర్త్ లీకేజి బ్రేకరు అమర్చితిమి. పంపు తీగ ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు కట్టబడినది. తీగవెంట జాఱిన నీటిబొట్టు వంపునొద్దనే రాలును. ప్లగ్గు తీయనిదే ఎవ్వరును నీటిలో చేయి పెట్టరాదు. చిన్నతరగతుల పిల్లలు చూచుటకే గాని తాకుటకు రారు.

ఇప్పుడు తొట్టిలో నీరును, కొన్ని మొక్కలును మాత్రమే యున్నవి. కుళాయినీటిలోని క్లోరిను హైపోతో పోవును. చేపల విసర్జనములనుండి పుట్టు అమ్మోనియాను మార్చు సూక్ష్మజీవులు స్పాంజిలో స్థిరపడుటకు నాలుగు మొదలు ఆఱు వారములు కావలెను. ఆఱవ తరగతివారు గోల్డుఫిష్షు కావలెనని పట్టుబట్టుచున్నారు. అవి పెద్దవై తొట్టికి చాలవు. మేము గప్పీలవైపు మొగ్గుచున్నాము. ఎవరి యింటనైన ఒక అంగుళపు పైపుముక్కలు మిగిలియున్నచో పంపుడు. చేపలను మాత్రము, మేము తెలుపువఱకు, సంచులలో పోసి పిల్లలచేత పంపవలదని కోరుచున్నాము.