కుచేలుని పిల్లలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనువాడను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు అరుగుమీద, నిఘంటువు ప్రక్కన బెట్టుకొని నేర్చికొన్నవే. అట్టి నన్ను ఈ శుభదినమున మాటలాడుమనిన మీ వాత్సల్యమునకు నమస్కరించుచున్నాను.

మన ఓరుగల్లు సీమవాడైన బమ్మెర పోతనామాత్యుని భాగవతమున కుచేలుని కథ మీరెరుగనిది కాదు. అందు అటుకులు మనకు గుర్తున్నవి. తుదకు కలిగిన సిరి గుర్తున్నది. కథ మొదట నిలిచియున్న పసివాండ్రను మాత్రము మరచితిమి. ఆకటివేళ ఆకులు చేతబట్టి తల్లిచుట్టు చేరిన బిడ్డలు వారు. ఆ యిల్లాలు భర్తయెదుట నోరు విప్పినది ఆ బిడ్డల కొరకే.

నేటి కుచేలుని బిడ్డ చేతి ఆకు వట్టిది కాదు, అందు అన్నమున్నది. అందుచేతనే వాని ఆకలి మన కంటికి కానరాదు.

1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చిననాడు నేను బడిపిల్లవాడను. ఎన్నో ఇండ్లలో పస్తులు తగ్గినవి. అది సామాన్యమైన మేలు కాదు. కాని కాలక్రమమున జొన్న, కంది, పెసర, నువ్వులు పండిన మన చేలు పత్తిచేలైనవి. 1997-98లో ఆ పత్తియే చెడి మన జిల్లా రైతులు ప్రాణములు తీసికొన్న దుఃఖమును మనమింకను మరువలేదు. ఇంటిచేని పప్పును కొనవలసి వచ్చినప్పుడు, కూలివాని ఇంట మొదట తగ్గునది ఆ పప్పే.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణమున అయిదేండ్ల లోపు పిల్లలు నూటికి 33 మంది వయసునకు తగిన ఎత్తు లేనివారు. ఆరు నెలలు నిండిన పసివాండ్రలో నూటికి 70 మంది రక్తము చాలనివారు.

నా తప్పొకటి సభాముఖమున ఒప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట నేనొక కూలివారి ఇంటికి లెక్కపనిమీద పోతిని. రెండేండ్ల బాలుడు బానపొట్టతో గడపయందు కూర్చుండియుండెను. “వీడు మంచి భోజనప్రియుడు” అని నవ్వితిని. తల్లియు నవ్వినది. వారము తిరుగకముందే అంగన్‌వాడి టీచరమ్మ వాని జబ్బకు టేపు చుట్టి చూడగా 11 సెంటీమీటర్లు వచ్చినది. ఆరు నెలలకును అయిదేండ్లకును నడుమనున్న బిడ్డకు అది 11.5 కన్న తగ్గినచో ప్రాణాపాయమునకు చేరువయని అర్థము. ఆ ఇంటికి బియ్యము కొరత లేదని నా లెక్క. లెక్క తప్పలేదు, చూచిన నా కన్ను తప్పినది.

అది పత్తి యేరు కాలము. తల్లి ప్రొద్దు పొడువకముందే పోయి దీపాలవేళకు వచ్చును. ఎనిమిదేండ్ల అక్క తమ్మునికి రెండు పూటలు గొడ్డుకారపు మెతుకులు పెట్టును. పసివాని కడుపు పిడికెడు. ఒక్కమారు కుక్కిన చాలదు. ఆరు నెలలు నిండినది మొదలు తల్లిపాలతోపాటు పప్పు, నూనె, గ్రుడ్డు కలిపిన మెత్తని ముద్ద దినమునకు పలుమార్లు పెట్టవలెను. ఆ ఇంట లేనిది బియ్యము కాదు. పప్పు, ముద్ద కలిపి తినిపించు చేయి. బాలుడు ఆసుపత్రి చేరి కోలుకొనెను గాని, తోటివారి ఎత్తునకు నేటికిని రాలేదు.

లెక్కలవాడను గనుక ఒక కూడిక చెప్పెదను. గర్భమున 270 దినములు, పుట్టిన పిమ్మట రెండేండ్లకు 730 దినములు, వెరసి 1000. ఈ వేయి దినములలో పడిన లోటును తరువాతి జమతో పూడ్చుట బహు కష్టము. 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణులకును బాలింతలకును కేంద్రమునందే భోజనము, 200 మిల్లీలీటర్ల పాలు, గ్రుడ్డు పెట్టునట్లు ఏర్పరచుట ఇందుకొరకే. ఆ గ్రుడ్డును కొంగున ముడిచి తెచ్చి పెద్దపిల్లలకు పంచు తల్లులు గలరు. వారిని నిందింపకుడు. ఇంట అందరికన్న కడపట తినుమని మనమే వారికి నేర్పితిమి.

నా మనవి రెండు మాటలు. పత్తి యేరు నెలలలో మధ్యాహ్నవేళ ఈ గ్రంథాలయపు వసారాలో మూడేండ్ల లోపు బిడ్డలను కూర్చుండబెట్టి, ఇంటిపట్టున నుండు అవ్వలు మెత్తని ముద్దలు తినిపింతురు గాక. పప్పునకు, నూనెకు కలిగినవారు చేయూత నిత్తురు గాక. టీచరమ్మ నెలకొకమారు కొలిచిన కొలతలను నేను కూలి లేకుండ ఒక పుస్తకమున వ్రాసెదను. అదియు ఈ బీరువాలోనే యుండును, ఎవరైనను చదువవచ్చును.

ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగును. నేడు తల్లుల ఒడిలోనున్న బిడ్డలే నాడు ఈ వేదికపై నిలిచి మాటలాడవలసినవారు. వారి తొలి లెక్క మన చేతిలో నున్నది.

సెలవు.