పాత కారు, హైబ్రిడ్ కారు: ఒక ఇంటి లెక్క

పూర్వము రైతు కుటుంబములలో ఎద్దుల జతను మార్చవలసి వచ్చినప్పుడు పెద్దలు సంతకు పోవుటకు ముందే అరుగుమీద కూర్చుండి నాలుగు దినములు తర్కించెడివారు. పాత జతకు ఎంత వచ్చును, కొత్త జతకు ఎంత పోయవలెను, మేత ఎంత, పని ఎంత - ఈ లెక్క తేలిన పిదపనే పలుపులు చేతులు మారెడివి. నేడు పెక్కు ఇండ్లలో ఎద్దుల స్థానమున కారు నిలిచినది. లెక్క మాత్రము అమ్మువాని కాగితముమీదనే జరుగుచున్నది. దానిని మరల మన అరుగుమీదికి తెచ్చుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మా అక్కగారి కుమారుడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ యింట రెండు వాహనములు కలవు. ఒకటి అతడు రాజమార్గమున కార్యాలయమునకు పోవు పెట్రోలు కారు. రెండవది అతని భార్య పిల్లలను బడికి దింపుటకును, అంగడికి పోవుటకును వాడు పెద్ద వ్యాను. కొంతకాలము క్రిందట అతడు మాకు ఫోను చేసి, "మామయ్యా, నా కారు ఇచ్చేసి ప్రియస్ తీసుకుందామనుకుంటున్నాను. గాలనుకు 50 మైళ్ళు వస్తుందట. మీరేమంటారు?" అని అడిగెను. పాత కారు నిచ్చి, పైన 24,000 డాలర్లు చెల్లింపవలెను. అతడు కూడబెట్టిన సొమ్ము ఇంచుమించు అంతయే. అందులో కొంత భాగము మా అక్కగారి మోకాళ్ళ శస్త్రచికిత్సకు ఉద్దేశించినది. అక్కగారిని అడుగగా, "నా మోకాళ్ళకేం తొందర? వచ్చే ఏడు చూసుకుందాం. వాడి ముచ్చట వాణ్ణి తీర్చుకోనివ్వండి" అనెను. కావున ఈ లెక్క మాకు వట్టి కాలక్షేపము కాలేదు.

ముందుగా ఆ కారు సంగతి. హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనును, విద్యుత్తుతో తిరుగు మోటారును రెండును ఉండును. సాధారణమైన కారులో బ్రేకు వేసినప్పుడు చలనశక్తి అంతయు వేడిగా మారి గాలిలో కలిసిపోవును. హైబ్రిడ్ కారులో ఆ సమయమున మోటారే విద్యుత్తును పుట్టించు యంత్రముగా మారి, ఆ శక్తిలో కొంత భాగమును బ్యాటరీలో దాచును. మరల బయలుదేరునప్పుడు దాచిన శక్తియే చక్రములకు తోడ్పడును. కూడలిలో ఆగినప్పుడు ఇంజను తనంత తానే ఆగిపోవును. ప్రియస్ వంటి మామూలు హైబ్రిడ్లకు ఇంటి గోడనుండి తీగ తగిలించి విద్యుత్తు ఎక్కించు పని లేదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఫెర్డినాండ్ పోర్షె 1900 ప్రాంతముననే పెట్రోలు ఇంజనుతో విద్యుత్తు పుట్టించి చక్రములను త్రిప్పు బండిని నిర్మించెను. అయినను అది సామాన్య కుటుంబముల వాకిటికి వచ్చుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. టొయోటావారు 1997 డిసెంబరులో జపానులో ప్రియస్‌ను విక్రయమునకు పెట్టిరి. అది 2000లో అమెరికా చేరెను. 2003లో వచ్చిన రెండవ తరము బండికి వెనుక తలుపు పైకి లేచు హ్యాచ్‌బ్యాక్ రూపము వచ్చెను. 2010లో మన దేశమునకును వచ్చినది గాని, దిగుమతి సుంకములతో ధర మిక్కిలి హెచ్చినందున ఇక్కడ వ్యాపింపలేదు.

ఈ బండి బలము ఎచ్చటనో గమనింపవలెను. మాటిమాటికి ఆగి సాగు వీథులలో ఇది పెట్రోలును ఎక్కువగా మిగుల్చును. 2010 నమూనా ప్రియస్‌కు అమెరికా ప్రభుత్వ పరీక్షలో నగరమున గాలనుకు 51 మైళ్ళు, రాజమార్గమున 48 మైళ్ళు అని తేలెను. సాధారణమైన పెట్రోలు కారు దీనికి విరుద్ధము. రాజమార్గమున మేలు, నగరమున హీనము. ఎడతెగక ఒకే వేగమున పోవువానికి హైబ్రిడ్ వలన కలుగు లాభము కొంత తగ్గును.

ఇక లెక్క. మా మేనల్లుడు ఏటికి 12,000 మైళ్ళు పోవును. పాత కారు గాలనుకు 25 మైళ్ళు నడుచుచున్నది, అనగా ఏటికి 480 గాలనులు. కొత్తది 50 మైళ్ళు నడిచినచో 240 గాలనులు చాలును. గాలను మూడున్నర డాలర్లనుకొన్న, ఏటికి మిగులునది 840 డాలర్లు. పైన ఇచ్చు 24,000 డాలర్లు పెట్రోలు ఆదాతోనే తిరిగి రావలెనన్న 28 సంవత్సరములు దాటును. ఆనాటికి ఈ బండియు ఉండదు, బహుశః ఈ పెట్రోలును ఉండదు.

"అయితే హైబ్రిడ్ దండగేనా?" అని అతడు అడిగెను. కాదు. ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి యున్నవి. బాగుగా నడుచుచున్న కారును మార్చవలెనా అనునది ఒకటి. ఎట్లును మార్చక తప్పనప్పుడు దేనిని కొనవలెను అనునది మరియొకటి. మొదటి ప్రశ్నకు కారు మొత్తపు ధర అడ్డు వచ్చును. రెండవ దానికి సాధారణమైన కొత్త కారునకును, హైబ్రిడ్ కారునకును గల ధరల తేడా మాత్రమే అడ్డు వచ్చును.

అప్పుడు మేము వ్యాను మాట అడిగితిమి. అది గాలనుకు 18 మైళ్ళు మాత్రమే నడుచును. అంతయు నగర సంచారమే; ఏటికి 10,000 మైళ్ళు. గేర్ల పెట్టె అరిగినదనియు, ఏడాదికి మించి నడువదనియు మరమ్మతు చేయువాడు అదివరకే చెప్పియుండెను. మేనల్లుని దృష్టి తాను రోజు కూర్చుండు కారుమీద నుండుటచే ఈ మాట మరుగునపడినది.

గాలనుకు ఇన్ని మైళ్ళని చెప్పు పద్ధతియే మనలను కొంత భ్రమపెట్టును. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన లారిక్, సోల్ అను ఇద్దరు పండితులు 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమను నిరూపించిరి. 25 మైళ్ళ బండి 50 మైళ్ళకు మారినచో 10,000 మైళ్ళకు 200 గాలనులు మిగులును. 18 మైళ్ళ బండి కేవలము 30 మైళ్ళకు మారినను 222 గాలనులు మిగులును. పైకి చూచుటకు మొదటిది పెద్ద గంతు, రెండవది చిన్న అడుగు. పెట్రోలు పీపాలో చూచినచో చిన్న అడుగుదే పైచేయి. మేత ఎక్కువ తిను ఎద్దును ముందు మార్చుము అని పెద్దలు చెప్పు మాటయే ఇది.

2009లో అమెరికా ప్రభుత్వము పాత బండ్ల మార్పిడికి 3,500 లేక 4,500 డాలర్ల సాయము నిచ్చినప్పుడును, గాలనుకు సగటున 18 మైళ్ళకు మించని బండ్లనే సామాన్యముగా అంగీకరించెను. అట్లు వచ్చిన బండ్ల ఇంజనులలో సోడియం సిలికేటు ద్రవమును పోసి, అవి మరల నడువకుండ చేసిరి. ఏలయన, మనము ఇచ్చివేసిన బండి మాయమై పోదు. మరియొకరి చేతిలో అదే పొగను విడుచుచుండును. ఒక గాలను పెట్రోలు కాలిన దాదాపు 9 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. కొత్త బండిని తయారుచేయుటలోను టన్నులకొలది వాయువు వెలువడుచున్నది. గాలి మేలు కోరువారు ఈ రెండును లెక్కలో వేసికొనవలెను.

వ్యాను ఎట్లును మారవలసినదే గనుక, ఇప్పుడు రెండవ ప్రశ్న. నగరమున 30 మైళ్ళు నడుచు సాధారణమైన చిన్న కారునకు ఏటికి 333 గాలనులు, హైబ్రిడ్‌కు 200. ఆదా 133 గాలనులు, అనగా సుమారు 465 డాలర్లు. ధరలో తేడా 2,000 డాలర్లనుకొన్న, నాలుగేండ్లు దాటిన కొలది కాలముననే అది తీరిపోవును. బ్యాటరీని గురించి అతని భార్యకు భయము కలదు. అమెరికాలో 2020 నమూనా మొదలు టొయోటావారు హైబ్రిడ్ బ్యాటరీకి పది సంవత్సరములు లేక 1,50,000 మైళ్ళు, ఏది ముందైన అంతవరకు, హామీ నిచ్చుచున్నారు. కాబట్టి కొత్త బండి కొనువారికి ఆ భయము తక్కువ. పాత హైబ్రిడ్‌ను కొనువారు మాత్రము హామీ ఎంత మిగిలియున్నదో చూడవలెను.

కాని లెక్క అంతటితో ముగియలేదు. మేనల్లుని భార్య ఒక మాట అనెను: "అత్తయ్యగారు వచ్చినప్పుడు వ్యాను అయితే ఎత్తుగా ఉంటుంది, సులువుగా కూర్చుంటారు. ఈ కారు మరీ కిందికి ఉంది." ఇది ఏ కంపెనీ కాగితముమీదను లేని లెక్క. మోకాళ్ళ నొప్పి గలవారికి క్రిందికి కూర్చుండి పైకి లేచుట ఎంత కష్టమో చూచినవారికే తెలియును.

తుదకు ఇట్లు నిర్ణయించుకొనిరి. మేనల్లుని కారు అట్లే నడుచును. అక్కగారి శస్త్రచికిత్స వచ్చే ఏటికి వాయిదా పడదు. ఆ సొమ్ము ముందుగా విజయవాడకు పంపబడును. వ్యాను నడిచినంతకాలము నడిపి, పిమ్మట దాని స్థానమున హైబ్రిడ్‌ను తీసికొందురు. అయితే బయానా ఇచ్చుటకు ముందు అక్కగారిని అచ్చటికి పిలిపించి, ఆ కారులో ఒకసారి కూర్చుండబెట్టి దింపి చూతురు. ఆమెకు కష్టమైనచో ఎత్తైన మరియొక హైబ్రిడ్ బండిని, అది నాలుగు మైళ్ళు తక్కువ నడిచినను, ఎన్నుకొందురు.

మన ఊళ్ళలో కార్లు గల శ్రోతలకును ఈ లెక్క వర్తించును. లీటరుకు 10 కిలోమీటర్ల బండి 15కు మారిన, 10,000 కిలోమీటర్లకు 333 లీటర్లు మిగులును; 15 కిలోమీటర్ల బండి 25కు మారినను మిగులునది 267 లీటర్లే. కావున దుకాణమునకు పోవుటకు ముందు మూడు నెలలపాటు ఒక చిన్న పుస్తకములో, పెట్రోలు పోయించిన ప్రతిసారియు ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు, ఊరిలోనా, పెద్ద రోడ్డుమీదనా అని వ్రాసికొనుడు. దాని ప్రక్కనే ఆ సొమ్ముతో ఆ యింట జరుగవలసిన ఇతర కార్యము లేవియో కూడ వ్రాసికొనుడు. ఆ పుట చూచిన పిదప కారు మార్చవలెనో, వలదో మీకే తోచును.